గరాజ్ తలుపు ప్యానెళ్లు వంగితే డాలస్ ప్రాంతంలో ఎంత ఖర్చవుతుంది, తలుపంతా ఎప్పుడు మార్చాలి

ఫ్రిస్కోలో ఉంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. గరాజ్ తలుపు పూర్తిగా పైకి లేవకముందే కారు వెనక్కి తీయడంతో బంపరు తగిలి కింది రెండు ప్యానెళ్లు బయటివైపు ఉబ్బాయి. అది రెండు కార్లు పట్టే తలుపు, 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు తలుపు, ఇల్లు కట్టిన 2012 నాటిది, బాదం రంగు. ఒకరు వచ్చి చూసి రెండు ప్యానెళ్లు మార్చడానికి 1,150 డాలర్లు అన్నారు. మరొకరు తలుపు మొత్తం మార్చక తప్పదని, 2,400 డాలర్లు అవుతుందని చెప్పారు. ఇద్దరిలో ఎవరి మాట సబబు, ఇన్సూరెన్సు ఏమైనా ఇస్తుందా అన్నది ఆయన సందేహం.

ఈ ప్రాంతంలో గరాజ్ తలుపులు కొలవడం, ఖర్చు అంచనా వేయడం, అమర్చడం నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. మీ తలుపులో నిజంగా మార్చవలసింది అడుగు ప్యానెల్ ఒక్కటే అయి, అదే మోడల్ ఇప్పటికీ తయారవుతూ ఉంటే, ఆ ఒక్కటీ మార్పించుకోండి. రెండూ మార్చక తప్పదంటే మాత్రం 1,150 డాలర్లు దాని మీద పెట్టవద్దు. కొత్త తలుపే వేయించుకోండి. అయితే అది 2,400 డాలర్ల తలుపే కానక్కరలేదు. మీకు వచ్చిన రెండు అంచనాలూ ఒకే వస్తువుకు చెప్పినవి కావు, అందుకే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టమవుతోంది.

ఖర్చు సంగతికి వెళ్లేముందు ఒక జాగ్రత్త చెప్పాలి. వంగిన తలుపును దయచేసి బటన్ నొక్కి ఆడించకండి. అడుగు ప్యానెల్ రెండు మూలల్లోనూ ఒక్కో ఇనుప బ్రాకెట్ ఉంటుంది, తలుపును పైకి లాగే తీగ కేబుల్ దానికే తగిలించి ఉంటుంది. తలుపు బరువంతా మోసే స్ప్రింగు బిగువు ఆ కేబుల్ మీదుగా ఆ బ్రాకెట్ మీదే పడుతుంది. ప్యానెల్ మూల నలిగి ఉంటే ఆ బ్రాకెట్ మరలు ఊడి, కేబుల్ కొరడాలా విసురుగా తగిలే ప్రమాదం ఉంది. ఎర్ర తాడు లాగి మోటారునుంచి తలుపును విడదీయాలనుకుంటే, తలుపు పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే ఆ పని చేయండి. సగంలో ఆగిన తలుపును విడదీస్తే అది ఒక్కసారిగా కిందపడవచ్చు. పిల్లలు ఆ పక్కకు వెళ్లకుండా చూసుకోండి. బ్రాకెట్ మరలు మీరు విప్పవద్దు, బిగించవద్దు.

ఇక లోపలినుంచి తలుపును దగ్గరగా చూడండి. 7 అడుగుల తలుపు అంటే 84 అంగుళాలు. ఒక్కొక్కటి 21 అంగుళాల ఎత్తున్న నాలుగు అడ్డ ప్యానెళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. ఇక్కడి కొత్త కాలనీల్లో 8 అడుగుల తలుపులు కూడా చాలా కనిపిస్తాయి. వాటిలో 24 అంగుళాలవి నాలుగో, 18, 21 అంగుళాలవి కలిపి ఐదో ఉంటాయి. ప్యానెళ్లను కలిపే హింజ్‌ల మీద అంకెలు అచ్చు గుద్ది ఉంటాయి. పక్క అంచుల్లో కిందినుంచి మొదటి అతుకు దగ్గర 1, దాని పైన 2, ఆ పైన 3 అని ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ ట్రాకులో దొర్లే చిన్న చక్రం, అంటే రోలరు, తలుపునుంచి కొంచెం ఎడంగా కూర్చుంటుంది, అందువల్లే తలుపు మూసినప్పుడు పైభాగం చట్రానికి గట్టిగా ఆనుతుంది. ఈ వివరం మీకెందుకంటే, ప్యానెల్ మార్చినవారు తొందరలో హింజ్‌లను తారుమారు చేస్తే తలుపు పైకి వెళ్లేటప్పుడు ట్రాకులో పట్టేస్తుంది, మూసినా పక్కల సందు కనిపిస్తుంది. పని మొదలుకాకముందే ఫోనుతో నాలుగు ఫొటోలు తీసి ఉంచుకుంటే, పని అయ్యాక సరిచూసుకోవడం మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు మీ రెండు ప్యానెళ్ల పరిస్థితిని విడివిడిగా అంచనా వేయాలి. రేకు ఉబ్బడం వేరు, మడత పడడం వేరు. వెనక నిలువుగా ఉండే ఇనుప పట్టీలు తిన్నగా ఉండి, ముందు రేకు మాత్రమే ఉబ్బితే, తలుపు పనితీరుకు ఏమీ కాదు, చూపుకే లోపం. అలాంటి ప్యానెల్‌కు వెనకవైపు స్ట్రట్ అనే అడ్డ ఉక్కు పట్టీ బిగించి తిన్నగా నిలబెట్టవచ్చు. స్ట్రట్, కూలి కలిపి సాధారణంగా 100 నుంచి 200 డాలర్లలో అయిపోతుంది. అదే రేకు అడ్డంగా ముడతపడినా, నిలువు పట్టీ వంగినా, పై ప్యానెల్‌తో కలిసే అంచు తెరుచుకున్నా, దాన్ని సాగగొట్టి సరిచేయడం వల్ల లాభం లేదు. ఎత్తి దించిన ప్రతిసారీ అదే మడత దగ్గర మళ్లీ వంగుతుంది. మీరు పంపిన వివరాన్ని బట్టి చూస్తే బంపరు ఎత్తుకు అడుగు ప్యానెల్ నేరుగా దెబ్బతిన్నది. రెండోది దానితో పాటు లాగబడి ఉబ్బినట్టుంది. ఒక మనిషి దానికి నిలువుగా సూటి బద్ద పెట్టి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. 1,150 చెప్పిన ఆయన ఈ పరీక్ష చేశారో లేదో అడగండి.

తర్వాతి ప్రశ్న అసలు ప్యానెల్ దొరుకుతుందా అన్నది. ధర కంటే ముందు తేలవలసింది ఇదే. ఒక కంపెనీ ప్యానెల్ ఇంకో కంపెనీ తలుపులో కూర్చోదు. ఒకదాని పై అంచు ఇంకోదాని కింది అంచులో దూరి వాన నీరు, గాలి రాకుండా ఆపుతుంది. ఆ గాడి ఆకారం కంపెనీకో రకంగా ఉంటుంది, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా తేడా వస్తుంది. రేకు మీద ఉన్నవి పొడవాటి గడులా, పొట్టి గడులా, చెక్క నార గుర్తులు ఉన్నాయా, రేకు మందం ఎంత అన్నవి కూడా కలవాలి. మందాన్ని గేజ్ అంకెతో చెబుతారు, అంకె చిన్నదయ్యేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 24 గేజ్ కంటే 27 గేజ్ పల్చన.

మీ తలుపు వయసు ఇక్కడ అడ్డు రావచ్చు. పైకి లేచే గరాజ్ తలుపును 1921లో సి.జి. జాన్సన్ రూపొందించారు, ఆయన పెట్టిన ఓవర్‌హెడ్ డోర్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇప్పుడు మీకు దగ్గర్లోని లూయిస్‌విల్‌లోనే ఉంది. ఆ కంపెనీ 2009లో వేన్ డాల్టన్ తలుపుల వ్యాపారాన్ని కొన్నది. అమార్ అనే మరో తలుపుల కంపెనీని 2013లో అస్సా అబ్లాయ్ అనే స్వీడన్ సంస్థ కొన్నది. ఇలా చేతులు మారినప్పుడల్లా కొన్ని మోడళ్లు ఆగిపోతాయి, కొన్నిటి అచ్చులు మారిపోతాయి. కాబట్టి 2012 తలుపుకు ప్యానెల్ దొరకవచ్చు, దొరకకనూపోవచ్చు. తేల్చుకునే మార్గం సులభమే. తలుపు లోపలివైపు, సాధారణంగా పక్క అంచున ఉండే నిలువు రేకు మీద, ఒక స్టిక్కరు ఉంటుంది. మోడల్ సంఖ్య, తయారైన తేదీ, బార్‌కోడ్ దాని మీద కనిపిస్తాయి. దాన్ని ఫొటో తీసి ఆ కంపెనీ డీలరుకు పంపితే, ప్యానెల్ ఉందో లేదో, ఎన్నాళ్లకు వస్తుందో చెబుతారు. స్టిక్కరు చూడకుండానే ఫోనులో ప్యానెల్ ధర చెప్పినవారి మాటకు నేనైతే విలువ ఇవ్వను.

ఇక డబ్బు లెక్క. నేను చెప్పే అంకెలు ఈ ప్రాంతంలో పేరున్న డీలర్ల దగ్గర నేను మామూలుగా చూసే ధరల హద్దులు. ఇంటిని బట్టి, తలుపును బట్టి మారతాయి. 16 అడుగుల తలుపుకు ఇన్సులేషన్ (వేడిని ఆపే లోపలి పొర) లేని ఉక్కు ప్యానెల్ ఒకటి తెచ్చి బిగించడానికి 450 నుంచి 700 డాలర్లు అనుకోవచ్చు. ఇన్సులేషన్ ఉన్నదైతే 600 నుంచి 950 వరకు వెళుతుంది. 8 లేదా 9 అడుగుల వెడల్పున్న ఒంటి తలుపుకు దీనిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఒక్క ప్యానెల్‌కు ఇంత ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. అందులో రేకు ఖరీదు ఒక భాగమే. 16 అడుగుల పొడవున్న పల్చటి వస్తువును నలగకుండా ఒక్కదాన్నే తెప్పించడానికి రవాణా ఖర్చు ఎక్కువ. తలుపు మొత్తం తెప్పించినా దాదాపు అంతే అవుతుంది. బిగించేటప్పుడు స్ప్రింగు బిగువు వదిలించి, పై ప్యానెళ్లన్నిటినీ ఎత్తి పట్టి, అడుగుది లాగి, కొత్తది పెట్టి, మళ్లీ స్ప్రింగు తిప్పాలి. ఇద్దరు మనుషుల పని. ఒక ప్యానెల్‌కైనా ఈ తతంగం మొత్తం జరగాల్సిందే.

అందుకే రెండు ప్యానెళ్లకు 1,150 అన్న మాట తప్పేమీ కాదు, కాని అది పూర్తి మాట కాదు. ఆ కాగితంలో ఏమేమి చేరాయో విడదీసి అడగండి. అడుగు ప్యానెల్ కింద ఉండే రబ్బరు సీలు, దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం పట్టీ చేరాయా? బ్రాకెట్లు, హింజ్‌లు కొత్తవా, పాతవే తిరిగి వాడతారా? నిలువు ట్రాకు వంగి ఉంటే సరిచేయడం అందులోనే ఉందా? పాత ప్యానెళ్లు తీసుకెళ్లి పారేయడానికి వేరే అడుగుతారా? ఇవన్నీ కలిసేసరికి మీ 1,150 సులువుగా 1,350, 1,400 అవుతుంది. ఆ తర్వాత కూడా మీకు మిగిలేవి 2012 నాటి స్ప్రింగు, 2012 నాటి రోలర్లు, పైన రెండు పాత ప్యానెళ్లు. మామూలు స్ప్రింగు 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కకట్టి చేస్తారు. రోజుకు మూడుసార్లు తెరిస్తే అది దాదాపు తొమ్మిదేళ్లు. మీ ఇంట్లో స్ప్రింగు ఇదివరకు మార్చకపోతే, అది విరిగే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ ఖర్చు మళ్లీ వేరు.

మరోవైపు, మీకు ఇప్పుడున్న లాంటి ఇన్సులేషన్ లేని కొత్త ఉక్కు తలుపు, కొత్త ట్రాకులు, కొత్త స్ప్రింగులు, పాతది తీసుకెళ్లడంతో సహా 1,300 నుంచి 1,900 డాలర్లలో ఇక్కడ పడుతుంది. మోటారు పాతదే ఉంచుకోవచ్చు. 2,400 చెప్పిన ఆయన బహుశా ఇన్సులేషన్ ఉన్న తలుపుకు ఆ ధర ఇచ్చి ఉంటారు. ఆ తలుపుకు అది అన్యాయమైన ధర కాదు. కాని మీ దగ్గర ఉన్నదానితో సమానమైనదాని ధర కూడా కాగితం మీద రాసివ్వమని అడగాలి. అప్పుడే పోలిక కుదురుతుంది. గరాజ్ పడమటి ముఖంగా ఉండి, దాని పైనో పక్కనో పడకగది ఉంటే ఇన్సులేషన్‌కు పెట్టే అదనపు సొమ్ము ఇక్కడి ఆగస్టు ఎండలకు తగినదేనని నా నమ్మకం. గరాజ్ విడిగా ఉంటే దానికోసం అంత పెట్టనవసరం లేదు.

అమ్మేవారు ఇంకో మాట తరచుగా చెబుతారు: గరాజ్ తలుపు మారిస్తే ఇల్లు అమ్మేటప్పుడు పెట్టినదానికి రెట్టింపు వస్తుందని. జోండా అనే గృహనిర్మాణ సమాచార సంస్థ ఏటా వేసే కాస్ట్ వర్సెస్ వాల్యూ నివేదిక 2024లో దేశవ్యాప్త సగటున 193.9 శాతం తిరిగి వస్తుందని చెప్పిన మాట నిజమే. అయితే వారు లెక్కలోకి తీసుకున్నది 4,500 డాలర్లకు పైబడిన మేలురకం తలుపు, అదీ అమ్మకానికి సిద్ధమవుతున్న ఇంటికి. ఇంకో పదేళ్లు అదే ఇంట్లో ఉండబోయేవారు ఆ అంకెను చూసి ఖరీదైన తలుపు ఎంచుకోవడం నాకు సమంజసంగా అనిపించదు.

ఒకే ప్యానెల్ మార్చాలని నిర్ణయించుకుంటే రంగు సంగతి ముందే ఆలోచించండి. టెక్సస్ ఎండకు పదేళ్లు మాడిన బాదం రంగు మధ్య కొత్త ప్యానెల్ పెడితే, వెలిసిన గోడకు ఒక్కచోట కొత్త సున్నం కొట్టినట్టు దూరంనుంచే కనిపిస్తుంది. తెల్ల తలుపుల్లో ఈ తేడా తక్కువ, బాదం, గోధుమ రంగుల్లో ఎక్కువ. తలుపంతా బయటివాడకపు ఆక్రిలిక్ రంగు వేయిస్తే సరిపోతుంది, దానికి మరో 200 నుంచి 400 డాలర్లు పక్కన పెట్టుకోండి. రంగు మార్చాలని ముదురు రంగు ఎంచుకోకండి. ఎండకు వేడెక్కి ఇన్సులేషన్ ఉన్న ప్యానెళ్లు వంపు తిరుగుతాయని తయారీదారులే హెచ్చరిస్తారు. రంగుకైనా, తలుపు ఆకృతి మార్పుకైనా మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి ముందుగా, రాతపూర్వకంగా తీసుకోండి. ఉన్నది ఉన్నట్టే మారిస్తే చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, అయినా ఒక ఈమెయిల్ పంపి జవాబు దాచుకోవడం మంచిది.

మీ తలుపు వేన్ డాల్టన్ వారిదై, తలుపు పైన బయటికి కనబడే స్ప్రింగు లేకుండా సన్నని గొట్టం మాత్రమే ఉంటే, అది టార్క్‌మాస్టర్ అనే పద్ధతి. స్ప్రింగు ఆ గొట్టం లోపల ఉంటుంది. దాని విడిభాగాలు అందరి దగ్గరా ఉండవు. అలాంటి తలుపు ప్యానెళ్ల మీద ఖర్చు పెట్టడం నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇన్సూరెన్సు గురించి క్లుప్తంగా చెబుతాను. మీ కారు మీ ఇంటికే తగిలింది కాబట్టి కారు పాలసీలో ఇతరులకు జరిగిన నష్టాన్ని భరించే లయబిలిటీ భాగం మీ సొంత ఆస్తికి పరిహారం ఇవ్వదు. ఇంటి పాలసీలో క్లెయిమ్ పెట్టవచ్చు గాని, టెక్సస్‌లో డిడక్టిబుల్, అంటే ముందుగా మీరే భరించాల్సిన సొమ్ము, చాలావరకు ఇంటి బీమా విలువలో 1 లేదా 2 శాతంగా ఉంటుంది. ఇంటికి 4,50,000 డాలర్ల బీమా ఉంటే 1 శాతం అంటేనే 4,500. మీ తలుపు ఖర్చు దానికంటే చాలా తక్కువ. రూపాయి రాకపోయినా ఆ క్లెయిమ్ మాత్రం ఇన్సూరెన్సు కంపెనీలు చూసే క్లూ అనే క్లెయిముల రికార్డులో ఏడేళ్ల వరకు ఉండవచ్చు. కాబట్టి పెట్టకండి. వేరేవారి కారు, సరుకు దింపే వ్యాను తగిలి ఉంటే సంగతి వేరు. వారి లయబిలిటీ పాలసీ మీ తలుపు ఖర్చు భరించాలి, టెక్సస్‌లో ఆస్తినష్టానికి కనీస పరిమితి 25,000 డాలర్లు. వడగళ్ల వాన తర్వాత ఎవరైనా ఇంటికి వచ్చి డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం, మీరు క్లెయిమ్ పెట్టండి అంటే వెంటనే పంపేయండి. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం.

బిల్లులో పన్ను కూడా చూడండి. టెక్సస్‌లో నివాస గృహం మరమ్మతు కూలి మీద అమ్మకపు పన్ను లేదు. సరుకు, కూలి విడివిడిగా రాసిన బిల్లయితే 8.25 శాతం సరుకు మీద మాత్రమే పడాలి. మొత్తం మీద వేస్తే అడగండి. అంచనా కాగితం తేదీ కూడా గమనించండి. ఉక్కు దిగుమతి సుంకం 2025 జూన్ 4న 50 శాతానికి పెరిగింది, అంతకు ముందు ఎవరో చెప్పిన ధరలు ఇప్పుడు పనికిరావు. అందుకే చాలామంది డీలర్లు అంచనాను 30 రోజులకు మించి నిలబెట్టరు.

ఎవరిని పిలవాలి అన్నదానికి నా సలహా ఇది. టెక్సస్‌లో ఈ పనికి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టవచ్చు. 29 డాలర్లకే వచ్చి చూస్తామన్న ప్రకటనలు చూసి పిలవకండి. ఆ 29 ఎక్కడ రాబట్టుకోవాలో వారికి బాగా తెలుసు. దుకాణం చిరునామా ఉన్న, ఏదైనా తలుపుల కంపెనీకి అధికారిక డీలరైన సంస్థను, వారి పనివాళ్లకు లయబిలిటీ బీమా ఉన్నట్టు సర్టిఫికెట్ పంపమని అడిగి, ఆ తర్వాతే రమ్మనండి. బంధువుల పిల్లలతో కలిసి వారాంతంలో మనమే చేసుకుందామన్న ఆలోచన దయచేసి వద్దు. మీది అడుగు ప్యానెల్, స్ప్రింగు బిగువు వదిలించకుండా దాన్ని తాకడానికి వీల్లేదు. ఆ స్ప్రింగుల వల్ల చేతులు విరిగినవారిని నేను చూశాను.

పని ముగిశాక చెక్కు ఇచ్చేముందు మూడు పరీక్షలు వారి ఎదుటే చేయించండి. తలుపు కిందికి దింపి, ఎర్ర తాడు లాగి, చేత్తో నడుము ఎత్తు వరకు ఎత్తించి వదిలించండి. స్ప్రింగు కొత్త బరువుకు సరిపోతే తలుపు ఉన్నచోటే నిలబడాలి. కొత్త ప్యానెల్ పాతదానికంటే బరువైతే ఇక్కడే బయటపడుతుంది. మోటారుకు తిరిగి కలిపాక, తలుపు దిగుతుండగా ట్రాకుల పక్కన నేలకు 6 అంగుళాల లోపు ఎత్తులో ఉండే ఫొటో కన్నుల మధ్య ఒక చీపురు అడ్డంపెట్టండి. తలుపు వెంటనే ఆగి వెనక్కి వెళ్లాలి. 1993 జనవరి 1 తర్వాత తయారైన ప్రతి ఇంటి మోటారుకూ ఇలాంటి రక్షణ ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి. కారు తగిలినప్పుడు ఆ కన్నులు పక్కకు తిరిగి ఉండే అవకాశం ఎక్కువ. చివరగా టూ బై ఫోర్ చెక్కను నేలమీద పడుకోబెట్టి తలుపు దించండి. చెక్కకు తగలగానే అది పైకి తిరగాలి. తిరగకపోతే మోటారు బలం తగ్గించి సరిచేసేవరకు వారిని వెళ్లనివ్వకండి.